తవిటయ్య అను పేరు

పలాస స్టేషనులో రైలు దిగి, జీడి ఫ్యాక్టరీలు దాటి సముద్రం వైపు సాగితే ఉద్దానం పల్లెలు వస్తాయి. ఇసుక నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నేలకూల్చిన తోటలివే.

టెక్కలి మొదలు కవిటి వరకు ఎక్కడికి వెళ్ళినా కొన్ని పేర్లు తరచుగా వినబడతాయి. కూర్మారావు పేరు శ్రీకూర్మం నుండి, అప్పన్న, అప్పలస్వామి పేర్లు సింహాచలం నుండి వచ్చినవి. తవిటయ్య పేరు మాత్రం ఏ క్షేత్రము నుండీ రాలేదు. బియ్యం దంపితే వచ్చే తవుడు నుండి వచ్చింది.

ఉద్దానంలో ఆ పేరుగల వృద్ధుడొకరు బాప్తిస్మమునకు సిద్ధపడినప్పుడు మేము, "తవుడేమిటి తాతా? పౌలు అని పెట్టుకుందాం" అన్నాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నారు: "అయ్యగారూ, నా ముందర ముగ్గురు పుట్టి పోనారు. నేను పుట్టగానే మాయమ్మ నన్ను చేటలో పెట్టి పక్కింటామెకు ఇచ్చేసిందట. మళ్ళీ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుందట. ఈ పేరు తీసేస్తే మాయమ్మ ఏడుపు ఎవలికి తెలుస్తాది?"

మాకు నోట మాట రాలేదు.

పూర్వం బిడ్డలు దక్కని ఇళ్ళలో ఇలా చేసేవారు. పెంటకుప్ప మీద ఉంచి తెచ్చుకున్న బిడ్డ పెంటయ్య. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టిన బిడ్డ పుల్లయ్య. విలువ లేని బిడ్డ అనుకుంటే మృత్యువు ముట్టదని వారి ఆశ. మృత్యువు అలా మోసపోదని మనకు తెలుసు. అయినా ఆ తల్లుల వేదనను చులకన చేయతగునా? తల్లి వేదనయే పేరైన యబ్బేజు మన బైబిలులోనే ఉన్నాడు.

పోలండు దేశములో వోయ్‌చెహ్ అను పాత మగపేరు ఉంది. యోధుడు, సంతోషము అను రెండు మాటలు కలిసిన పేరది. 10వ శతాబ్దములో ఆ పేరుగల బిషప్పు ఒకరు కన్ఫర్మేషనులో అదల్బర్ట్ అను పేరు పొందారు. 997లో సువార్త ప్రకటిస్తూ హతసాక్షి అయ్యారు. అయినా పోలండు ప్రజలు నేటికీ ఆయనను తొలిపేరుతోనే తలచుకుంటారు.

సంఘపు రిజిస్టరులో మేము తవిటయ్య అనే వ్రాశాము. ఆయన మనవడు కాలేజీలో తాత పేరు చెప్పడానికి సిగ్గుపడేవాడట. ఆ సంగతి విన్న తరువాత మానేశాడు. మీ ఇంటిలో అటువంటి పేరు ఉంటే, దాని వెనుక ఉన్న కన్నీటిని పిల్లలకు తెలియజేయండి.