పదకొండవ ఇల్లు



1996 నవంబరు 6వ తేదీ బుధవారం రాత్రి కోనసీమను ఊడ్చిపెట్టిన తుపానును చూసినవారు మరచిపోలేరు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో ఒడ్డుకు చేరలేదు. వరిచేలు నీటిపాలయ్యాయి. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి.

మాది మెట్ట ప్రాంతంలో చిన్న పల్లెటూరి సంఘం. మాలో ఎక్కువమందిమి కూలీనాలీ చేసుకొని బ్రతికేవాళ్ళమే. తుపాను వెళ్ళిన వారంలో అందరితోపాటు మేమూ బియ్యం, పాత బట్టలు పోగుచేసి పంపించాము. ఆ రోజుల్లో లారీలు వరుసగా వెళ్ళాయి. జనవరి వచ్చేసరికి లారీలు ఆగిపోయాయిగాని ఇళ్ళు లేవలేదు. "ఇచ్చేవాళ్ళు అయిపోయారు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు కావాలి" అన్నారు మా కాపరిగారు. 1997 సంక్రాంతి వెళ్ళిన తరువాత ఇద్దరు వడ్రంగులు, ఒక తాపీమేస్త్రి, మిగిలిన కూలీలము కలిసి పద్నాలుగుమందిమి బయలుదేరాము.

మేము వెళ్ళిన ఊరిలో ఇరవై మూడు తాటాకు ఇళ్ళు పడిపోయాయి. ప్రార్థన మందిరం కప్పు ఎగిరిపోయింది. స్త్రీల సమాజంవారు గుప్పెడు బియ్యం అమ్మి కూర్చినదీ, సంఘం ఇచ్చినదీ కలిపి మా చేతిలో ఉన్న డబ్బు పది ఇళ్ళకే సరిపోతుంది. ముందు మందిరం కప్పు వేద్దామని కొందరన్నారు. అప్పుడు ఒక మామ్మగారు లేచి, "ప్రార్థన ఎండలోనైనా చేసుకుంటాం బాబూ. పసిబిడ్డల్ని మంచులో పడుకోబెట్టలేం కదా" అన్నారు. ఆ మాటతో మందిరం సంగతి ఆగింది.

ఏ పది ఇళ్ళు అన్నది మేము చెప్పలేదు. ఊరివాళ్ళే కూర్చుని తేల్చారు. విధవరాండ్రు, చంటిబిడ్డల తల్లులు, మంచానపడ్డ ముసలివారు ముందు అన్నారు. ఆ పదిమందిలో ఇద్దరు సంఘంలో లేనివారు. కానుక ఇచ్చినవారికి ఏమని చెప్పాలని మాలో ఒక తమ్ముడు అడిగాడు. "గాలి సంఘం పుస్తకంలో పేర్లు చూసి కొట్టలేదు నాయనా" అని మా పెద్ద ఒకాయన జవాబిచ్చారు.

ఇల్లు కట్టడం మాకు తెలుసు. గాలికి నిలిచే ఇల్లు కట్టడం మాత్రం ఆ ఊరి ముసలాయన ఒకరు నేర్పారు. "గాలి ఇంటిని తొయ్యడమే కాదు, ఎత్తుద్ది కూడా" అనేవారాయన. అందుకని రెండు వాలుల కప్పు మాని నాలుగు వైపులా వాలు పెట్టించారు. చూరు బాగా కిందికి దించమన్నారు. గుంజలు లోతుగా పాతించి, గుంజకు దూలాన్ని, దూలానికి వాసాన్ని విడివిడిగా తాళ్ళతో బిగించి కట్టించారు. తుపాను కన్ను మీదుగా పోయేచోట గాలి ఒకవైపునుండి కొట్టి, కొంతసేపు ఆగి, మళ్ళీ ఎదురువైపునుండి కొడుతుంది. కనుక ఏ ఒక్క వైపు కట్టు వదులుగా ఉన్నా కప్పు దక్కదు. పడిపోయిన తాటిచెట్లను చీల్చి దూలాలు, వాసాలు చేశాము. కొబ్బరిమాను మొదలు గట్టిది, తలభాగం మెత్తన. మన్నులో పాతితే త్వరగా చీకిపోతుంది. ఆ మానులో మొదలు భాగాన్ని పైపనికే వాడాము.

పంట పోయినందున ఆ ఊరిలో కూలిపని లేదు. అందుచేత డబ్బులో కొంత ఊరివాళ్ళకే కూలిగా ఇచ్చాము. మగవాళ్ళు గుంజలు పాతారు. ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో తాళ్ళు పేనారు, గోడలు మెత్తారు. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయంలో యెరూషలేము ప్రాకారం బాగుచేసినవారి పేర్లున్నాయి. అనేకులు తమ తమ ఇళ్ళకు ఎదురుగా ఉన్న భాగాన్నే కట్టుకున్నారు. షల్లూము అనే అధికారి కుమార్తెలు కూడా పనిచేశారు. ఆ అధ్యాయం ఉత్త పేర్ల పట్టిక అని ఇంతకుముందు దాటిపోయేవాళ్ళము. ఆ ఊరు చూశాక అలా దాటిపోలేకపోతున్నాము.

మా మనస్సులో నిలిచిపోయింది ఒక సహోదరి. పట్టికలో ఆమెది పదకొండవ పేరు. తనకు ఇల్లు రాదని ఆమెకు మొదటి రోజే తెలుసు. అయినా పది ఇళ్ళకూ మట్టి మోసింది. తన సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. పదవ ఇల్లు ముగించి సెలవు తీసుకునేటప్పుడు ఆమె ముఖం చూడడం మాకెవరికీ చేతకాలేదు. డబ్బు అయిపోయింది. మిగిలినవి కొన్ని తాళ్ళు, నాలుగు వాసాలు.

ఈస్టరు పండుగకు ఆ ఊరినుండి ఉత్తరం వచ్చింది. కొత్త ఇళ్ళలో చేరిన పది కుటుంబాలవారు కలిసి పదకొండవ ఇల్లు లేపారట. ముసలాయన పక్కన కూర్చుని ప్రతి ముడీ చూశారట. పన్నెండవ ఇంటికి గుంజలు పాతారట. ఆ ఉత్తరం మా మందిరంలో చదివినప్పుడు బియ్యం తీసిపెట్టిన తల్లులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మేము కట్టిన పది ఇళ్ళకంటే మేము కట్టని ఆ ఒక్క ఇల్లే మాకు ఎక్కువ సంతోషమిచ్చింది.

ప్రియులారా, ఇప్పుడు తుపాను హెచ్చరికలు ముందుగా అందుతున్నాయి. షెల్టర్లు ఉన్నాయి. ప్రాణనష్టం బాగా తగ్గింది. అయినా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కూడా పేదల ఇళ్ళు పడ్డాయి. మీ సంఘం సాయం చేయ తలపెడితే బియ్యం వెంటనే పంపండి. మనుషుల్ని మాత్రం లారీలు ఆగిన తరువాత పంపండి. ఎవరి ఇల్లు ముందో ఆ ఊరినే చెప్పనివ్వండి. కూలి ఆ ఊరివాళ్ళకే ఇవ్వండి. మీరు తిరిగి వచ్చిన తరువాత కూడా అక్కడ పని సాగితే, ప్రభువు మీ ప్రయాసమును దీవించాడని తెలుసుకొనండి.