ఇంట్లో తెలుగు మానేయాలా?



గత నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో నాలుగో తరగతి బాబు తల్లిగారు ఒకరు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవకుండా అలాగే కూర్చున్నారు. "మేడమ్, వీడి ఇంగ్లీష్ బాగుపడాలంటే ఇంట్లో తెలుగు మానేయమంటారా?" అని అడిగారు. వెనక క్యూ ఉంది. "తర్వాత మాట్లాడదామండీ" అన్నాను. ఆ తర్వాత మాట్లాడనే లేదు. మీలో చాలామందికి అదే సందేహం ఉందని తెలుసు కాబట్టి, ఆవిడకు బాకీపడ్డ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నేను సోషల్ టీచర్‌ని. నాకు తోచే ఉదాహరణలన్నీ చరిత్రలోవే. మనలో చాలామంది పిల్లల్ని పంపాలని ఆశపడే అమెరికానే తీసుకుందాం. ఆ దేశపు 8వ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఇంట్లో మాట్లాడింది ఇంగ్లీష్ కాదు, డచ్. 1782లో న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ అనే ఊళ్లో పుట్టాడు. దారినపోయేవాళ్లు ఆగి తిని, తాగి, పడుకునే సత్రం లాంటిది తండ్రి నడిపేవాడు. ఇంగ్లీష్ ఊరి బడిలో నేర్చుకున్నాడు. కాలేజీ మెట్లెక్కలేదు, చిన్న వయసులోనే ఒక లాయరు దగ్గర పనిలో చేరాడు. 1837లో అధ్యక్షుడయ్యాడు. ఇంగ్లీష్‌ను రెండో భాషగా నేర్చుకుని ఆ కుర్చీ ఎక్కినవాడు ఇప్పటిదాకా ఆయనొక్కడే. భార్య హన్నాదీ ఆ ఊరే, ఆవిడదీ డచ్చే.

ఒబామా కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆరేళ్ల వయసులో, 1967లో, తల్లితో జకార్తా వెళ్లాడు. బడిలో, వీధిలో ఇండోనేషియా భాష. ఇంగ్లీష్ వెనకబడుతుందని తల్లికి మీలాగే దిగులు. ఆవిడ ఏం చేసిందంటే, తెల్లవారుజామున 4 గంటలకు లేపి తానే ఇంగ్లీష్ పాఠాలు చెప్పింది. వీధి భాషను మాత్రం మాన్పించలేదు. 2010లో అధ్యక్షుడి హోదాలో జకార్తా వెళ్లి ఆయన ఆ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే హాలంతా చప్పట్లు.

హూవర్ దంపతులది మరో తమాషా. పెళ్లైన కొత్తలో చైనాలో ఉండి ఆ భాష నేర్చుకున్నారు, భర్త కన్నా భార్యకే బాగా వచ్చు. వైట్‌హౌస్‌లో పక్కవాళ్లకు తెలియకూడని సంగతులు చైనీస్‌లో చెప్పుకునేవారట. మన అమ్మానాన్నలు మన ముందు ఇంగ్లీష్‌లో గుసగుసలాడేవారు, గుర్తుందా? ఇప్పుడు కొన్ని ఇళ్లలో పిల్లలకు అర్థం కాకూడదంటే తెలుగులో మాట్లాడుకుంటే సరిపోతోంది.

అలాగని అధ్యక్షులందరూ బహుభాషావేత్తలేం కాదు. కెనెడీ 1963లో బెర్లిన్‌లో చెప్పిన జర్మన్ వాక్యాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో, పలికినట్టుగా, కార్డు మీద రాసుకున్నాడు, మన పిల్లలు స్టేజీ మీద హిందీ స్పీచ్‌ని తెలుగు లిపిలో రాసుకున్నట్టు. ఇంగ్లీష్ ఒక్కటే వచ్చినవాళ్లూ చాలామంది ఆ పదవి చేశారు. కాబట్టి రెండు భాషలొస్తే మీవాడు పెద్దవాడైపోతాడని నేను చెప్పను. తెలుగు వల్ల ఇంగ్లీష్ పాడవుతుందన్న భయం గురించే నా మాట.

ఆ భయం నాకూ ఉండేది. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఫ్రిజ్ మీద ఒక డబ్బా పెట్టాను. తెలుగు మాట వస్తే రూపాయి. మూడేళ్లలో డబ్బా పనే లేకుండా పోయింది, నేను మురిసిపోయాను. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు, బెంగళూరులో ఉద్యోగం. ఇంగ్లీష్ బ్రహ్మాండం. డబ్బా పెట్టకపోయినా వచ్చి ఉండేదనే ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆదివారం అమ్మమ్మకు ఫోన్ చేస్తే "బాగున్నావా? తిన్నావా?" దాకా వెళ్తుంది, అక్కడితో ఆగిపోతుంది. పోయిన వారం మా అమ్మ "గుండె దడగా ఉంటోందే" అంది. పిల్ల "ఓకే అమ్మమ్మా" అని పెట్టేసి, నాకు ఫోన్ చేసి దడ అంటే ఏంటని అడిగింది.

ఆ తల్లిగారికి నా జవాబు: మానేయొద్దండీ. ఇంగ్లీష్ కోసం రోజూ ఓ ఇరవై నిమిషాలు కలిసి పుస్తకం చదవండి, అన్నం దగ్గర మాత్రం తెలుగే ఉండనివ్వండి. వచ్చే మీటింగ్‌కి వీలైతే బాబు నానమ్మగారిని కూడా తీసుకురండి. ఈసారి క్యూ అయ్యాక కూర్చుందాం.