తాళం లేని పెట్టె

గ్రంథాన్ని భద్రపరచడమంటే పెట్టెలో పెట్టి తాళం వేయడమేనని చాలాకాలం నమ్మినవాణ్ణి నేను. ఆ నమ్మకంలోని అపాయాన్ని నాకు బోధించింది ఏ కావ్యమూ కాదు, ఒక కంప్యూటర్.

2001లో పరిశోధన చేస్తున్న రోజుల్లో ప్రబంధాలలోని అరుదైన పదాలకు ఒక సూచిక తయారుచేసుకున్నాను. ప్రతి పదం పక్కన మా గురువుగారు నోటితో చెప్పిన అర్థవివరణ ఉండేది. అందులో కొంతే నా సిద్ధాంత గ్రంథంలో చేరింది. మిగిలినదంతా నాటి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాచుకున్నాను. కాలక్రమంలో గురువుగారు స్వర్గస్థులయ్యారు. ఆ సాఫ్ట్‌వేరూ కనుమరుగైంది. 2019లో పాత కంప్యూటర్ మూలపడగా, కొత్తదానిలో ఆ ఫైలు తెరిచాను. తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించాయి. గురువుగారి మాటలు కళ్ల ఎదుటే ఉన్నాయి. చదవడానికి మాత్రం లేవు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంజినీరైన నా పూర్వ విద్యార్థి ఒకడు సంగతి విని ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చేవి. యూనికోడ్‌లో తెలుగుకు తనవైన 128 స్థానాలున్నాయి. దేనికి ఏది సమానమో పట్టిక రాస్తే, మార్చే ప్రోగ్రామ్ మనమే రాసుకోవచ్చు" అన్నాడు.

అతడు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే లినక్స్ ఉంది. ముందు నా ఫైళ్లన్నింటికీ నకలు తీయించి, ఆ తర్వాతే దాన్ని స్థాపించాడు. టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీనీ' అన్న ఆజ్ఞను నాచేతనే టైపు చేయించాడు. కొద్ది నిమిషాల్లో జీనీ అనే ఎడిటర్ సిద్ధమైంది. పైథాన్ భాష ఉబుంటులో ముందే ఉంది.

"ఇదంతా ఉచితమేనా?" అని అడిగాను.

"ఉచితమే మాస్టారూ. అంతకన్న ముఖ్యం స్వేచ్ఛ. ఎవరైనా వాడవచ్చు, లోపల చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు" అన్నాడు.

ఆ స్వేచ్ఛ కోసమే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడనీ, 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌కు శ్రీకారం చుట్టాడనీ అప్పుడే తెలుసుకున్నాను.

"పట్టిక మాత్రం మీరే రాయాలి. అక్షరం మీకు తెలిసినంత నాకు తెలియదు" అని అతడు వెళ్లిపోయాడు.

ఒక అధ్యాయపు అచ్చుప్రతి నా దగ్గర మిగిలి ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క గుర్తుకూ తెలుగు రూపాన్ని గుర్తించసాగాను. 'కృష్ణ' అన్న మాటలో ఎన్ని అక్షరాలని పైథాన్‌ను అడిగితే అయిదు అంది. ఛందస్సు తెలిసినవాడు రెండే అంటాడు! యంత్రం గుడి, కొమ్ము, ఒత్తులను కూడా విడివిడిగా లెక్కిస్తుంది. ఒత్తుకంటే ముందే గుణింతాన్ని కూర్చే పద్ధతి పాత ఫాంటుది. యూనికోడ్‌లో ఒత్తు ముందు, గుణింతం తర్వాత. ఆ క్రమాన్ని సరిదిద్దడానికే వారం పట్టింది. యతి తప్పిన పద్యంలాగా, వరుస ఆరంభంలో ఒక ఖాళీ తప్పినా పైథాన్ అంగీకరించేది కాదు. అయితే ఏ పంక్తిలో పొరపాటుందో చెప్పేది, విసుక్కునేది కాదు. యాభయ్యో పడిలో నేను మళ్లీ విద్యార్థినయ్యాను.

మూడు వారాల తర్వాత ఒక సాయంకాలం తెరపై స్వచ్ఛమైన తెలుగు వరుసలు తీరింది. మొదటి పదం పక్కన గురువుగారి వివరణ చదువుతుంటే ఆయన కంఠమే వినిపించినట్లయింది. చెడిపోయిన కొన్ని పుటలు మాత్రం తిరిగి రాలేదు. ఆ లోటు నా అజాగ్రత్తకు మిగిలిన గుర్తు.

తాళపత్రాలు శిథిలమైనా మన కావ్యాలు నిలిచాయంటే, తరతరాల లేఖకులు వాటికి ప్రతులు రాయడమే కారణం. సి.పి. బ్రౌన్ సైతం పండితులచేత ప్రతులు రాయించి ఎన్నో కృతులను కాపాడాడు. నకలు తీయగలిగినదే నిలుస్తుంది. నా సూచికను ఇప్పుడు యూనికోడ్‌లో ఉంచి, అడిగిన విద్యార్థులందరికీ ఇస్తున్నాను. ఆ పెట్టెకు నేను మళ్లీ తాళం వేయలేదు.