ఫిరౌనుల నేలపై సొంతంగా ఒక ప్రయాణం

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. నిజాముల కాలంలో అది మన నగరానికి చేరింది. పిల్లలకు చూపిద్దామని వెళ్ళిన రోజున మా అమ్మగారు ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఫిరౌను శవం కూడా ఇలాగే ఉంటుందా? ప్రాణం ఉండగా ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది" అన్నారు. మా ఈజిప్టు ప్రయాణానికి బీజం పడింది అక్కడే.

అంతకు మునుపు మేము చేసిన విదేశీ ప్రయాణం ఉమ్రా ఒక్కటే. అప్పుడు వీసా మొదలుకొని భోజనం వరకు అన్నీ ఏజెంటే చూసుకున్నారు. ఈసారి ఐదుగురికి ప్యాకేజీ ధర అడిగితే మా స్తోమతకు మించిపోయింది. అందుకే పది రోజులకు అన్నీ సొంతంగానే ఏర్పాటు చేసుకున్నాము. ఆ ప్రయత్నంలో నేర్చుకున్నవి, పొరపాట్లతో సహా, ఇలాంటి ఆలోచన ఉన్న కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

బయలుదేరే ముందు

అక్టోబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. వేసవిలో లక్సర్, అస్వాన్‌లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ లేని శిథిలాల మధ్య వృద్ధులు, పిల్లలు తట్టుకోలేరు. మేము సంక్రాంతి సెలవులను ఎంచుకున్నాము. జనవరి రాత్రులలో కైరోలో స్వెట్టరు తప్పనిసరి. రమజాను మాసంలో ప్రాచీన స్థలాలను త్వరగా మూసివేస్తారు కనుక ఆ నెలలో వెళ్ళేవారు వేళలను ముందే సరిచూసుకోవాలి.

వీసా నియమాలు మారుతూ ఉంటాయి. ఆ దేశ రాయబార కార్యాలయం చెప్పినదానినే ప్రమాణంగా తీసుకుని, విమానం టికెట్లకు ముందే ఆ పని తేల్చుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

ప్రధానమైన ప్రాచీన స్థలాలు అనేకం వద్ద టికెట్టుకు నగదు తీసుకోవడం మానేశారు, కార్డుతోనే చెల్లించాలి. విదేశాలలో పనిచేసేలా మన బ్యాంకులో ముందుగా అనుమతి తీసుకున్న కార్డులు రెండు వెంట ఉండాలి. చెల్లుబాటులో ఉన్న విద్యార్థి గుర్తింపు కార్డు చూపితే టికెట్టు సగం ధరకే ఇస్తారు. పిల్లల కార్డులపై గడువు తేదీ స్పష్టంగా ఉండేలా చూసుకోండి.

మరొక చిన్న తయారీ మాకు ఎంతో మేలు చేసింది. ఈజిప్టులో ధరల పట్టీలు, వాహనాల నంబర్లు తరచుగా అరబీ అంకెలలోనే ఉంటాయి. మక్తబ్‌లో ఖుర్ఆన్ చదివిన పిల్లలకు ఆయతుల సంఖ్యల ద్వారా ఆ అంకెలు కొంత పరిచయమే. అయితే మన దేశపు ముద్రణలలోని నాలుగు, అయిదు, ఆరు అంకెల రూపాలు అక్కడివాటికి కాస్త భిన్నంగా ఉంటాయి. మనకు సున్నాలా కనిపించేది వారి అయిదు. చుక్క వారి సున్నా. విమానంలోనే పిల్లల చేత వీటిని పలుమార్లు రాయించాము. ఆ తరువాత పండ్ల బండి దగ్గర బేరం బాధ్యత మా అమ్మాయిదే.

ఖిబ్లా మారింది

కైరో చేరిన రాత్రి హోటల్ గదిలో అమ్మగారు అలవాటు కొద్దీ పడమర ఎటో అడిగి జానమాజ్ పరిచారు. మేమూ వెంటనే గ్రహించలేదు. అక్కడి నుంచి మక్కా ఆగ్నేయ దిశలో ఉంటుంది! జీవితమంతా పడమరకు తిరిగి నమాజు చేసిన ఆమె ఆ రాత్రి తూర్పు వైపుకు మళ్ళుతూ, "ఇంత దూరం వచ్చామన్నమాట" అని నవ్వారు. మన ఇళ్ళలో హనఫీ పద్ధతిననుసరించి అస్ర్ కొంత ఆలస్యంగా చేస్తాము. అక్కడ అస్ర్ అజాన్ అంతకంటే ముందే వినిపిస్తుంది. ప్రయాణంలో ఖస్ర్ విషయమై మీ ఊరి ఆలిములను ముందే అడిగి తెలుసుకుంటే రోజువారీ ప్రణాళిక తేలికవుతుంది.

భోజనానికి చింత లేదు. ఫూల్, తఅమియా, కుషరీ వంటివి చవకగా, ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. అన్నం, పప్పు, మకరోనీ కలిపిన కుషరీ మన కిచిడీని పేరులోనూ రూపులోనూ గుర్తుకు తెచ్చింది. తాగడానికి మాత్రం సీసా నీళ్ళే వాడండి.

గీజాలో ఒక గుణపాఠం

కైరో మెట్రోలో గీజా అనే స్టేషన్ ఉంది. పేరు చూసి పిరమిడ్లు పక్కనే ఉంటాయని భ్రమపడకండి. అక్కడి నుంచి ఇంకా చాలా దూరం వాహనంలో వెళ్ళాలి. మెట్రోలో స్త్రీలకు ప్రత్యేక పెట్టెలు ఉన్నాయి. పిరమిడ్ల ప్రాంగణానికి 2025లో ఫయ్యూమ్ రహదారి వైపు కొత్త ప్రవేశ ద్వారం ఏర్పడింది. లోపల తిరగడానికి విద్యుత్ బస్సులు ఉన్నాయి. తెరవగానే వెళ్ళితే ఎండా, రద్దీ రెండూ తక్కువ.

అక్కడ ఒంటె యజమాని ఒకరు ఎదురై నిండుగా సలాం చెప్పారు. "హింద్ నుంచా? మనం సోదరులం, డబ్బులు వద్దు" అంటూ మా అబ్బాయిని ఒంటెపై ఎక్కించారు. ఫోటో అయ్యాక ఒంటెను కూర్చోబెట్టడానికి పెద్ద మొత్తం అడిగారు. పిల్లవాడు పైనే ఉన్నాడు. ఇచ్చి దింపుకున్నాము. మాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. సలాంను ఎరగా వేశారన్నదే ఎక్కువ బాధించింది.

ఆ సాయంత్రం మైక్రోబస్సులో వెనుక సీట్లలో కూర్చున్నాము. ఛార్జీని ముందువారి చేతికి ఇస్తే, ఒకరి నుంచి ఒకరికి మారుతూ డ్రైవరును చేరింది. చిల్లర కూడా అలాగే నాలుగైదు చేతులు మారి, లెక్క తప్పకుండా మా దగ్గరకు తిరిగి వచ్చింది. "పొద్దుటి వాడిని తలచుకుని ఊరందరినీ అనకండి" అన్నారు అమ్మగారు. ఆ మాట మిగిలిన రోజులన్నింటికీ పనికివచ్చింది.

అసలు చిక్కు సలాం దగ్గరే ఉంది. అమ్మగారు ఏ సలాంకూ బదులు ఇవ్వకుండా ఉండలేరు. ప్రతి బదులూ ఒక దుకాణంలోకి దారి తీసేది. చివరికి మేము ఒక పద్ధతికి వచ్చాము. సలాంకు నిండుగా బదులు చెప్పడం, చేయి గుండెపై ఉంచి "లా, షుక్రన్" అనడం, నడక ఆపకపోవడం. ధర మాట్లాడుకోకుండా దేనినీ ఎక్కకపోవడం, చేతిలోకి తీసుకోకపోవడం. "బికామ్?" అంటే "ఎంత?" అని అర్థం; ఆ ఒక్క మాట మొదట అడగాలి.

బక్షీష్ అనే మాట మనకు కొత్తది కాదు. మరుగుదొడ్డి శుభ్రం చేసేవారికి, సామాను మోసినవారికి ఇవ్వడానికి చిన్న నోట్లు వేరే జేబులో ఉంచుకోండి. కానీ సమాధులలో కాపలాదారు తాడు దాటించి "ప్రత్యేకం" చూపిస్తానంటే ఒప్పుకోకండి. మూడు వేల ఏళ్ళ నాటి రంగులు మన చేతి చెమటకే చెడిపోతాయి.

పెద్ద పిరమిడ్ లోపలికి వెళ్ళడానికి వేరే టికెట్టు కొనాలి. నడుము వంచి ఇరుకైన ఏటవాలు దారిలో ఎక్కాలి. పైన గ్రానైటు గదిలో ఖాళీ రాతిపెట్టె తప్ప మరేమీ లేదు. ఆయాసం, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వెళ్ళవద్దు. అమ్మగారు బయట నీడలో కూర్చున్నారు.

ఒక పొరపాటు సవరించుకోవాలి

"మూసా ప్రవక్త (అలైహి) కాలపు ఫిరౌనే కదా ఇవి కట్టించింది?" అని అబ్బాయి అడిగాడు. మనలో చాలామంది అలాగే అనుకుంటారు. పెద్ద పిరమిడ్ ఖూఫూ అనే రాజుది, క్రీ.పూ. 2560 ప్రాంతంలో కట్టించాడు. మూసా (అలైహి) కాలపు ఫిరౌనుగా తరచుగా వినిపించే పేరు రెండవ రామ్‌సెస్. అతని పాలన మొదలైంది క్రీ.పూ. 1279లో. ఇద్దరి మధ్య సుమారు 1300 ఏళ్ళ దూరం ఉంది. పిరమిడ్లు బానిసల చేత కట్టించినవన్న మాటా నిలబడదు. 1990లో గీజాలోనే కార్మికుల సమాధులు బయటపడ్డాయి. రాజు సమాధి చెంతనే వారిని గౌరవంగా ఖననం చేశారు. రొట్టె, మాంసం తిన్న ఆనవాళ్ళు వారి నివాసాలలో దొరికాయి. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు, మన నమ్మకానికి అనుకూలంగా ఉన్నా, సరిచూడని మాట చెప్పకూడదని ఆ రోజు నిర్ణయించుకున్నాము.

గీజా దగ్గరలోనే 2025 నవంబరు 1న ప్రారంభమైన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం ఉంది. తూతన్‌ఖామున్ సమాధిలో దొరికిన ఐదు వేలకు పైగా వస్తువులు అక్కడ ఉన్నాయి. దానికి వేరుగా ఒక పూట కేటాయించి, టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. మరొక రోజు సక్కారా, దహ్‌షూర్‌లకు కారు మాట్లాడుకోవాలి. వేచి ఉండే సమయంతో సహా మొత్తం ఎంతో బయలుదేరక ముందే తేల్చుకోండి. సక్కారాలోని జోసర్ మెట్ల పిరమిడ్ గీజావాటికంటే పాతది. దహ్‌షూర్‌లో జనం తక్కువ. పిల్లలు ఏ తొందరా లేకుండా తిరగగలిగారు.

లక్సర్: రెండు తీరాలు

కైరో నుంచి లక్సర్‌కు రాత్రి రైలులో దాదాపు పది గంటలు పడుతుంది. నైలు నదికి తూర్పు తీరాన కర్నక్, లక్సర్ ఆలయాలు. పడమటి తీరాన రాజుల లోయ. నదిని దాటడానికి స్థానికులు వాడే పెద్ద పడవ ఉంది. దాని ఛార్జీ నామమాత్రం. రాజుల లోయను ఉదయం 6 గంటలకే తెరుస్తారు. సాధారణ టికెట్టుతో మూడు సమాధులు చూడవచ్చు. తూతన్‌ఖామున్, మొదటి సేతి వంటి కొన్నింటికి వేరే టికెట్టు కావాలి. మెట్లు ఎన్ని ఉన్నాయో అడిగి మరీ సమాధులను ఎంచుకున్నాము. రెండు సమాధులు చూసిన అమ్మగారు మూడవదానికి పిల్లలను మాతో పంపి నీడలో ఆగిపోయారు.

ఆ లోయలో ఒక సంగతి మనసును పట్టుకుంటుంది. దొంగలకు అందకూడదనే ఆ రాజులు కొండల్ని తొలిపించి లోపల దాక్కున్నారు. అయినా దాదాపు అన్నింటినీ ప్రాచీన కాలంలోనే దోచుకున్నారు. తరువాతి పూజారులు ఆ దేహాలను మూటకట్టి, ఇతరుల సమాధులలోకి మార్చి దాచవలసి వచ్చింది. రామ్‌సెస్ దేహం 1881లో అలాంటి ఒక రహస్య గుంతలో, అనేక ఇతర రాజుల మధ్య దొరికింది.

సాయంత్రం లక్సర్ ఆలయం చూశాము. ఒకప్పుడు ఇసుకా మట్టీ ఆ ఆలయాన్ని పైదాకా కప్పేశాయి. ఆ ఎత్తయిన నేలపై 13వ శతాబ్దంలో అబుల్ హజ్జాజ్ మసీదు వెలిసింది. తరువాత మట్టి తవ్వి తీశాక మసీదు పాత తలుపు గాలిలో, ఆలయ ప్రాంగణానికి ఎంతో ఎత్తున మిగిలిపోయింది. నేటికీ అక్కడ ఐదు పూటలా నమాజు జరుగుతోంది. మసీదుకు బయటి వైపు నుంచి దారి ఉంది. టికెట్టు అవసరం లేదు. మేము మగ్రిబ్ అక్కడే చేశాము.

అబూ సింబల్‌ను మాత్రం వదులుకున్నాము. నాగార్జునసాగర్ నీటిలో మునిగే కట్టడాలను మనవారు కొండపైకి తరలించినట్లే, అస్వాన్ ఆనకట్ట కారణంగా 1964-68 మధ్య ఆ కొండ ఆలయాలను ముక్కలుగా కోసి ఎత్తుకు చేర్చారు. చూడాలని ఎంతగానో ఉన్నా, అస్వాన్ నుంచి వెళ్ళిరావడానికి రోడ్డు మీద దాదాపు రోజంతా పడుతుంది. అమ్మగారి మోకాళ్ళు ఒప్పుకోలేదు. వృద్ధులతో వెళ్ళేవారు రోజుకు ఒక్క స్థలం చొప్పున పెట్టుకుని, మధ్యాహ్నం విశ్రాంతి ఉంచుకోవడం మేలు.

అమ్మగారు అడిగిన ప్రశ్న

చివరి రోజును అమ్మగారి కోరికకే ఉంచాము. రాజుల మమ్మీలు ఇప్పుడు ఉన్నది కైరోలోని ఫుస్తాత్ ప్రాంతంలో, ఈజిప్టు నాగరికతా జాతీయ మ్యూజియంలో. 2021 ఏప్రిల్ 3న 22 దేహాలను ఊరేగింపుగా అక్కడికి తరలించారు. పాత పుస్తకాలు చూసి తహ్రీర్ మ్యూజియంలో వెదకకండి. మమ్మీల గదిలో ఫోటోలు నిషేధం.

మసక వెలుతురులో నడుస్తూ రామ్‌సెస్ దగ్గర ఆగాము. అమ్మగారు మా చేయి పట్టుకుని మెల్లగా అడిగారు: "ఈయనేనా?"

మన ఇళ్ళలో చాలామంది అవుననే చెబుతారు. కొందరు అతని కుమారుడు మెర్నెప్తా పేరు చెబుతారు. ఫిరౌను దేహాన్ని తరువాతి వారికి సూచనగా మిగల్చడం గురించి దివ్య ఖుర్ఆన్‌లోని యూనుస్ సూరా తెలుపుతుంది. కానీ ఆ రాజు పేరేమిటో ఖుర్ఆన్ చెప్పలేదు. చరిత్రకారులూ ఏకాభిప్రాయానికి రాలేదు. ఇంత ఖర్చు చేసి, ఇంత దూరం తీసుకువచ్చిన తరువాత "అవునమ్మా" అనేస్తే ఆమె సంతోషించేవారు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"తెలియదమ్మా. పేరు అల్లాహ్‌కే తెలుసు" అన్నాము.

ఆమె ఏమీ అనలేదు. తొంభై ఏళ్ళ వయసులో పోయిన ఆ రాజు సన్నని జుట్టును, ఎముకలు తేలిన చేతులను చాలాసేపు చూశారు. "చాలా ముసలితనంలో పోయినట్టున్నాడు" అన్నారు. పక్కనే ఉన్న మిగిలిన వారిని కూడా, ఒక్కరినీ వదలకుండా, నిదానంగా చూస్తూ వెళ్ళారు.

బయటకు వచ్చేసరికి జుహ్ర్ వేళయింది. ఆఫ్రికా ఖండంలో మొదటిదైన అమ్ర్ ఇబ్నుల్ ఆస్ మసీదు, 642లో స్థాపితమైనది, అక్కడికి దగ్గరలోనే ఉంది. మ్యూజియం చూసినవారు తప్పక అక్కడికీ వెళ్ళండి; మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి టాక్సీ మేలు. విశాలమైన ఆ స్తంభాల నీడలో అమ్మగారికి కుర్చీ దొరికింది. ఈసారి ఖిబ్లా ఎటు అని ఆమె ఎవరినీ అడగలేదు.