పంచాంగం నుంచి పోస్టు దాకా

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏటా వేసే వ్యవసాయ పంచాంగం అంటే నాకు గౌరవం. పొలాల్లో వేసి చూసి, నిగ్గుతేలాక రాసిన మాటలవి. పైగా చక్కటి తెలుగులో ఉంటాయి. అయినా అది ఎంతమంది రైతుల ఇళ్లకు చేరుతోంది? వాళ్ల చేతిలో ఉన్నది ఫోను, అందులో ఊరి వాట్సాప్ గ్రూపు. అందుకే పంచాంగంలో ఒక పేజీని చాట్‌జీపీటీకో జెమినైకో ఇచ్చి, గ్రూపులో పెట్టేలా చిన్న పోస్టు రాయించే ఊరి కుర్రాళ్లంటే నాకు ముచ్చట. ఆఫీసు బీరువాల్లో మగ్గే సమాచారం వాళ్ల వల్లే గట్టు మీదికి వస్తోంది.

ఆ పోస్టులో ఏం మిగులుతోంది, ఏం రాలిపోతోంది అన్నదే నా బెంగ.

వరిలో కాండం తొలిచే పురుగునే తీసుకుందాం. పిలక దశలో ఆశిస్తే మొవ్వు చచ్చిపోతుంది, ఈనే దశలో అయితే తెల్లకంకి. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే వరస ఒకటుంది. నాటేముందు నారు కొసలు తుంచాలి, వాటి మీది గుడ్లు దాంతోనే పోతాయి. పైసా ఖర్చు లేదు. తర్వాత లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు ఉనికి గమనించాలి. చదరపు మీటరుకు ఒక తల్లి పురుగో, ఒక గుడ్ల సముదాయమో కనిపిస్తే అప్పుడు మందు. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ అయితే లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడితే మొత్తం 60 మిల్లీలీటర్లు. అదే మందు 0.4 జి గుళికలైతే ఎకరాకు 4 కిలోలు.

ఈ పేజీ ఇచ్చి ఊరికే ‘చిన్నది చెయ్’ అంటే ముందు ఎగిరిపోయేది కొసలు తుంచే మాట. ఆ వెనకే ‘కనిపిస్తే’ అన్న షరతు. చివరికి మందు పేరు, మోతాదు, పైన రెండు వరి కంకుల బొమ్మలు మిగులుతాయి. అది చదివిన రైతు పురుగు లేని చేలోనూ పిచికారీ చేస్తాడు. డబ్బు దండగ సరే, అవసరం లేని మందులు కొట్టీ కొట్టీ సాలీళ్లు, అక్షింతల పురుగుల లాంటి మిత్రపురుగులు నశిస్తే రేపు సుడిదోమను ఆపేదెవరు?

ఇంకో చిక్కు మన తెలుగు అచ్చుతో వచ్చేది. పాత కరపత్రాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కట్టినవి. తెర మీద చక్కగా తెలుగు కనిపిస్తుంది, కాపీ చేస్తే పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. యంత్రం అది చదవలేక, చదవలేనని చెప్పకుండా, శీర్షికను బట్టి సొంతంగా అల్లి పెట్టవచ్చు. ఆ అల్లిక చదవడానికి ఎంత నున్నగా ఉంటుందంటే, తెలిసినవాళ్లకూ అనుమానం రాదు. ఫోటో తీసి ఇవ్వడం మేలే కానీ, మసక జిరాక్సులో దశాంశ బిందువు చెరిగి 0.3 కాస్తా 3 అయితే మోతాదు పదింతలు!

కాబట్టి అడిగేటప్పుడే గట్టిగా అడగాలి: ‘షరతులు వదలొద్దు, ఖర్చు లేని పద్ధతి ముందు రాయి, పేజీలో లేనిది కలపొద్దు, చదవలేని చోట చదవలేనని చెప్పు.’ వచ్చినదాన్ని అంకె అంకెకూ మూలంతో సరిచూడాలి. ఆ పేజీ ఫోటో కూడా పోస్టుకు జతచేయాలి. మండల వ్యవసాయాధికారికి ఒకసారి చూపిస్తే మరీ మంచిది. ఇంతా చేస్తే పావుగంట పని.

ఆ పావుగంట ఎవరికోసమంటే, పురుగుమందుల దుకాణంలో ఖాతా పెట్టుకున్న కౌలు రైతు కోసం. ‘తెల్లకంకి రాకముందే కొట్టెయ్ అన్నా, డబ్బులు పంటయ్యాక ఇద్దువు’ అని దుకాణదారు డబ్బా చేతిలో పెడుతుంటే, ఫోను తీసి ఆ పోస్టు చూపించి, ‘నా చేలో ఇంకా అంత లేదు తమ్ముడూ, వచ్చే వారం మళ్లీ చూసుకుని వస్తా’ అని అతను డబ్బా తిరిగిచ్చేయగలగాలి.