అనుభవమను గడి



పూర్వము ఉద్యోగము కావలసినవారు ఖమ్మమునందలి ఉపాధి కార్యాలయమునకు బోయి, పేరు వ్రాయించుకొని, కార్డు పెట్టెలో దాచుకొని, పిలుపు కొఱకు ఏండ్ల తరబడి ఎదురు చూచెడివారు. నేడా కార్యాలయము అఱచేతిలోని ఫోనులోనికి వచ్చినది. 1997లో నౌకరీ అను వెబ్‌సైటు మన దేశమున వెలసినది. 2015 జూలైలో కేంద్ర ప్రభుత్వము నేషనల్ కెరీర్ సర్వీసు అను పేర తన వెబ్‌సైటును తెఱచినది. ఇందు పేరు నమోదు చేసికొనుటకు అభ్యర్థి పైసయైనను చెల్లింప నక్కఱలేదు. ఇవి భద్రాచలము అడవి యంచున నున్న మాబోటి గ్రామముల స్త్రీలకు ఎట్లుపయోగపడునో తెలియుటకు, మా కంటియెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదము.

మా పొరుగింటి బాలిక డిగ్రీ ముగించి రెండేండ్లైనది. మా డాబామీద సిగ్నలు చక్కగా నందును గాన, సాయంకాలము అచటికి వచ్చి ఉద్యోగములు వెదకుచుండును. ఒకనాడు ఆమె తల్లి తన మెడలోని బంగారు గుండ్లు కొంగున ముడివైచుకొని వచ్చి, "పంతులమ్మగారూ, వీనిని భద్రాచలములో కుదువబెట్టవలెను. పంతులుగారిని తోడు పంపుదురా? అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగమైనది. తొమ్మిది వేలు కట్టవలెనట" అనెను. మా గుండె ఝల్లుమనినది.

బాలికను పిలిచి విచారించితిమి. వెబ్‌సైటులో నీ పేరు చూచితిమని యెవరో ఫోను చేసిరట. పరీక్ష లేదు, ప్రశ్న లేదు. నమోదు రుసుమని పదునైదు వందలు మునుపే తీసికొనిరి. ఇప్పుడు శిక్షణకని తొమ్మిది వేలు అడుగుచున్నారు.

"పని యేమిటో అడిగితివా, అమ్మాయీ?"

"అడుగలేదు, అక్కయ్యగారూ. నాకు అనుభవము లేదు గదా! ఇచ్చెదమనుటయే గొప్ప యనుకొంటిని."

ఆ మాట మమ్ము మిక్కిలి నొప్పించినది. ఫోను తీసి చూడగా, 'అనుభవము' అను గడిలో ఆమె సున్న పెట్టియున్నది.

ఆమెను మే మెఱుగుదుము. నాలుగు వేసవులుగా తునికాకు కల్లములో ఏబదేసి ఆకుల కట్టలను లెక్కించి, ఎవరికెంత రావలెనో పుస్తకమున వ్రాయుచున్నది ఆమెయే. మహిళా సంఘపు పొదుపుల పద్దులును, అప్పుల పద్దులును ఆమె చేతివ్రాతయే. తెలుగును కోయభాషను సమానముగా మాటలాడును. ఇంత చేసినది సున్న యెట్లగును?

విరాటపర్వము చదివిన సోదరీమణులు ఒక సంగతి జ్ఞాపకము చేసికొందురు గాక. పాండవులు విరాటుని కొలువు కోరి వచ్చినప్పుడు పేర్లు మార్చుకొనిరి గాని, తమకు రాని విద్యను వచ్చునని చెప్పలేదు. భీముడు వంట వచ్చుననెను. నకులుడు గుఱ్ఱముల సంగతి చెప్పెను. మహారాణియైన ద్రౌపది సుధేష్ణ యెదుట నిలిచి, తలదువ్వుటయు, మైపూతలు నూఱుటయు, పూలదండలు కట్టుటయు తెలియునని చెప్పెను. ఇంటిలో నేర్చిన పనియని సిగ్గుపడలేదు. ఎంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు నియమమును గూడ తెలిపినది. కొలువడుగుట యన్న నట్లుండవలెను.

గుండ్లు తిరిగి తల్లి మెడ కెక్కినవి. ఆ సాయంకాలమే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించితిమి. మోసము జరిగిన వెంటనే ఈ సంఖ్యకు తెలిపినచో, సొమ్ము దొంగల చేతి కందకమునుపే బ్యాంకులో నిలుపుటకు వీలుండును. మేము ఆలస్యము చేసితిమి గనుక పదునైదు వందలు రాలేదు. ఒకరి వేషము మఱియొకరు ధరించి కంప్యూటరు ద్వారా వంచించువారికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66డి సెక్షను మూడేండ్ల వఱకు చెఱసాల విధించుచున్నది. అయినను పోయిన సొమ్మును రాబట్టుటకంటె పోకుండ కాచుకొనుటయే సులభము.

పిమ్మట డాబామీద కూర్చుండి ఆ గడిని మరల నింపితిమి. ఉద్యోగమిచ్చువారు లక్షల పేర్లను ఒక్కొక్కటిగా చదువరు. లెక్కలు, పద్దులు, సరుకు నిల్వ అను మాటలు వైచి వెదకుదురు. ఆ మాట మన పత్రమున లేనిచో మనము వారి కంటబడము. అందుచేత చేసిన పనిని పేరుపెట్టి, ఎన్నేండ్లు చేసినదియు, ఎంతమంది లెక్కలు చూచినదియు వ్రాయించితిమి. అబద్ధ మొక్కటియు లేదు.

మూడు వారములకు ఖమ్మములోని యొక దుకాణము వారు పిలిచిరి. ఈసారి ఆమె పని యేమి, జీత మెంత, వేళ లెవ్వి యని తానే అడిగినది. వారు సొమ్మడుగలేదు, పద్దు వ్రాసి చూపుమనిరి. వ్రాసి చూపినది. ఇప్పుడు అచట పని చేయుచు, స్త్రీల వసతిగృహమున నుండి, పండుగలకు ఇంటికి వచ్చుచున్నది.

తన విలువ సున్న యనుకొన్నవారే ఉద్యోగమును కొనబోవుదురు. వంచకులకు కావలసినది వారే. కావున, మీ యింటి ఆడుబిడ్డ ఫోనులో ఉద్యోగము వెదకునప్పుడు ప్రక్కన కూర్చుండి, ఆ గడిలో నేమి వ్రాసినదో ఒక్కమాఱు చదువుడు. ఆమె మఱచినదానిని జ్ఞాపకము చేయుడు.