తప్పు లెక్క చెప్పిన పాఠము

కొడకండ్ల మండలమున ప్రాథమిక తరగతులకు బోధించుచు నేను ఇరువది యేండ్లు గడపితిని. 2022లో మన తెలంగాణమున 'తొలిమెట్టు' కార్యక్రమ మారంభమైనది. చదువుట, వ్రాయుట, లెక్కించుట యను మూడింటిలో ప్రతి శిశువును వేరువేరుగ పరీక్షించి, ఫలితమును పట్టికలో వ్రాసి, దాని ననుసరించి బోధించుట ఇందలి పద్ధతి. దేశమందలి గ్రామములలో అయిదవ తరగతివారిలో నూటికి 43 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరని 'అసర్' వారి 2022 నివేదిక తెలిపినది. అది చదివియు, నా తరగతి యట్టిది కాదని తలచితిని. పిల్లలను సరిగా పరీక్షింపకయే పలువురి పేళ్ల కెదుట 'వచ్చును' అని వ్రాసితిని.

ఒకనాడు మూడవ తరగతి బాలిక యొకతె 42 నుండి 17 తీసివేసి, పలకపై 35 అని వ్రాసినది. ఆమె పేరున కెదుట 'వచ్చును' అని నా చేవ్రాలే యున్నది.

"ఇదెట్ల వచ్చిందమ్మా?" అని యడిగితిని.

"ఏడుల రెండు పోతే అయిదు, నాలుగుల ఒకటి పోతే మూడు. పెద్దదాన్ల నుంచి చిన్నది తీసెయ్యాలని మీరే చెప్పిండ్రు గద సార్!"

నిజమే, నే నట్లే చెప్పియుంటిని.

మరునాడు తరగతి కంతకు ఆ లెక్కయే యిచ్చితిని. తొమ్మండుగురు 35 అనియే వ్రాసిరి. తలకొక విధముగ తప్పినచో వారి పరాకనుకొందును. అందరు నొకే విధముగ తప్పిరి గనుక లోపము నా బోధనలోనిది. చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి, ఒక కట్ట విప్పిననే గాని రెండింటి నుండి ఏడు తీయరాదని చూపితిని. వారము దినములకు ఇద్దరు మాత్రమే మిగిలిరి.

తరువాత అందరిని మరల పరీక్షించి పట్టికను దిద్దితిని. నా తరగతి మునుపటికంటె వెనుకబడినట్లు కానవచ్చెను. కారణమేమని పై యధికారి యొకరు ప్రశ్నింపగా, "ఇప్పుడు నిజము వ్రాసితి నండీ" అని విన్నవించుకొంటిని. ఆ మాట చెప్పుటకు సిగ్గుపడితిని గాని, చెప్పకున్నచో ఆ బాలిక కేమి రాదో నాకును, ఆమె తల్లిదండ్రులకును ఎన్నటికి తెలియును?

చదువరులారా! పట్టిక మెప్పుకొరకు కాదు, రేపటి పాఠము కొరకు. మీ బిడ్డ బడి నుండి రాగానే మార్కులెన్ని యని యడుగుటతో తృప్తిపడకుడు. ఏ లెక్క తప్పినది, ఎట్లు చేసినది కూడ అడుగుడు. ఆ జవాబును ఉపాధ్యాయునకు చెప్పి పంపుడు.